రాణిని చంపితే తేనెతుట్టె చావదు: పురుగుల గుంపుల మీద కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి నాకు అర్థమైంది ముందు నాలుగు ముక్కల్లో చెప్పేస్తా, తర్వాత చదివేవాళ్లకూ తెలుస్తుంది. బేలం గుహల అడుగున ఒక పెద్ద పురుగుల గూడు. అందులో ఒక రాణి. అది మనసులో అనుకుంటే చాలు, లక్షల పురుగులు లేచి ఇటు కర్నూలు మీద, అటు తాడిపత్రి మీద పడతాయి. చివర్లో నీ హీరో లోపలికి దిగి రాణిని పొడుస్తాడు, అంతే, బయట ఎగురుతున్నవన్నీ టపటపా రాలిపోతాయి. తేనెటీగల్లో నిజంగా ఇలా ఉంటుందా, అన్నిటికీ కలిపి ఒకే మెదడా, మిడతల దండుకు కూడా రాణి ఉంటుందా అని అడిగావు.

రాలిపోవు. ఒక్క ఈగ కూడా రాలదు. నేను తేనెపెట్టెలు పెట్టుకుని నంద్యాల, కోయిలకుంట్ల వైపు పొద్దుతిరుగుడు చేలకూ, అనంతపురం వైపు చీనీ తోటలకూ తిప్పుకుంటూ బతికేవాణ్ణి, దాంతోపాటు ఇట్లాంటి కథలు దొరికితే వదలకుండా చదివేవాణ్ణి కూడా. అందుకే రెండు వైపుల నుంచీ చెప్తా. నీ కథలో నాకు నచ్చనిది ఆ ముగింపు ఒక్కటే. రాణిని చంపడం దగ్గర నువ్వు కథ ఆపేస్తున్నావు, అసలు గూడులో అయితే అక్కడే మొదలవుతుంది.

రాణి ఈగ ఎవరికీ ఆజ్ఞలివ్వదు. దాని పని గుడ్లు పెట్టడం. ఇటాలియన్ ఈగల్లో మంచి పూత కాలంలో ఒక రాణి రోజుకు వెయ్యిన్నర దాకా గుడ్లు పెడుతుంది, మన పుట్ట తేనెటీగల్లో అంత ఉండదు. తను తిండి కూడా తాను తినదు, చుట్టూ ఉన్న కూలి ఈగలే నోటికందిస్తాయి. ఎక్కడ గుడ్డు పెట్టాలో కూడా కొంతవరకు వాళ్ల చేతిలోనే ఉంటుంది, ఎందుకంటే ఏ గది కడిగి సిద్ధం చేయాలి, పోతుటీగల కోసం పెద్ద గదులు ఎన్ని కట్టాలి అన్నది కట్టేవాళ్ల ఇష్టం. రాణి నుంచి గూడంతా పాకేది ఒక్కటే, దాని వాసన. దాని దవడ గ్రంథుల్లోంచి వచ్చే ఆ పదార్థాన్ని దగ్గరున్న ఈగలు నాకి, నోటి నుంచి నోటికి, ఒంటి నుంచి ఒంటికి గూడంతా అంటిస్తాయి. ఆ వాసన చెప్పేది కూడా పెద్ద సంగతేమీ కాదు, రాణి ఉంది, బాగుంది, అంతే.

సరే, ఇప్పుడు నీ హీరో పొడిచాడు. ఏమవుతుంది? మొదటి కొన్ని నిమిషాలు ఏమీ కాదు. గూటి గుమ్మం దగ్గర కాపలా ఈగలు ఎప్పట్లాగే కాపలా కాస్తాయి, పూలకు పోయినవి పూలకు పోతాయి, హీరోను కుట్టేవి కుడుతూనే ఉంటాయి. గంటలు గడిచేకొద్దీ ఆ వాసన పలచబడుతుంది, అప్పుడు మొదలవుతుంది అలజడి. రాణి లేని పెట్టె మూత తీస్తే శబ్దమే వేరుగా ఉంటుంది, మామూలు జుమ్మనే మోత పోయి, ఎక్కువసేపు సాగే ఏడుపు లాంటి హోరు వస్తుంది. అలవాటున్నవాళ్లు కళ్లు మూసుకుని చెప్పేస్తారు. ఆ తర్వాత కూలి ఈగలు తమ పని తాము మొదలుపెడతాయి. గుడ్డు పగిలి మూడు రోజులు దాటని పిల్లపురుగుల్లో కొన్నిటిని ఎంచుకుని, వాటి గదులను కిందికి వేలాడే శనక్కాయల్లా సాగదీసి కట్టి, చివరిదాకా రాజాహారం (రాయల్ జెల్లీ) అనే ప్రత్యేక మేతే మేపుతాయి. మామూలు కూలి ఈగ కావలసిన పురుగే ఆ మేతతో రాణి అవుతుంది. గుడ్డు నుంచి లెక్కేస్తే రాణి బయటికి రావడానికి 16 రోజులు, కాబట్టి చంపిన రోజు నుంచి పది పన్నెండు రోజుల్లో కొత్త రాణి వచ్చేస్తుంది. అది బయటికెగిరి పోతుటీగలతో జతకట్టి గుడ్లు మొదలుపెట్టేసరికి దాదాపు నెల. అంటే నీ హీరోకు దొరికేది గెలుపు కాదు, ఒక నెల గడువు. ఊళ్లో వాళ్లు సంబరం చేసుకుంటున్నప్పుడు చదివేవాడికి మాత్రం రోజులు లెక్కపెట్టుకునే టెన్షన్ పట్టుకుంటుంది. ఇంతకన్నా ఏం కావాలి నీకు?

ఇంకో దారి కూడా ఉంది, అది ఇంకా భయంకరం. రాణి చచ్చేనాటికి గూట్లో లేత పిల్లపురుగులు లేవనుకో. అప్పుడు కొత్త రాణిని తయారుచేసుకునే దారి లేదు. కొన్ని వారాలకు కొన్ని కూలి ఈగలకే అండాశయాలు మేల్కొని గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి, పుట్ట తేనెటీగల్లో ఇది ఇంకా తొందరగా వస్తుంది. ఒక్కో గదిలో నాలుగైదు గుడ్లు అడ్డదిడ్డంగా పెట్టేస్తాయి. జతకట్టని ఈగలు కాబట్టి ఆ గుడ్లలోంచి వచ్చేవన్నీ పోతుటీగలే, పని చేయవు, తేవు, తింటాయి. పైకి చూస్తే గూడు నిండుగా కనపడుతుంది, లోపల పనిచేసే చేతులు రోజురోజుకీ తగ్గిపోతుంటాయి. కూలి ఈగ ఆయుష్షు పని కాలంలో ఆరు వారాలే, ఆలోచించు. ఆకలితో ఉన్న అలాంటి గూడు ఒకటి నీ గుహలో ఉంటే అది ఊరి మీద పడి జయించే సైన్యంలా కాక, దిక్కులేక తిరిగే గుంపులా ఉంటుంది. ఆ రెండూ వేర్వేరు కథలు, ఏది రాస్తావో నీ ఇష్టం.

రాణులు ఒకదాన్నొకటి చంపుకోవడం గురించి కూడా తెలుసుకో. ముందు బయటికొచ్చిన రాణి ఒక కూత వేస్తుంది, సన్నగా, సాగదీసి. ఇంకా గదుల్లో మూసి ఉన్న మిగతా రాణులు లోపల్నుంచే బొంగురుగా బదులిస్తాయి. ఇటాలియన్ ఈగల పెట్టెకు రాత్రిపూట చెవి ఆనించి వింటే మనకే వినపడుతుంది. బయట తిరిగే రాణి ఆ గదుల గోడలోంచే పొడిచి లోపలి దాన్ని చంపేస్తుంది, రాణి ముల్లుకు కూలి ఈగ ముల్లులాంటి గట్టి కొక్కేలు ఉండవు కాబట్టి ఎన్నిసార్లైనా పొడవగలదు. ఆ ముల్లు మనుషుల మీద వాడడం చాలా అరుదు. గుహలో నీ హీరో చీకట్లో నిలబడి ఆ కూత, ఆ బదులు వినే సీన్ ఒక్కటి రాయి చాలు. ఇంకో మాట, కూలి ఈగలకు రాణి నచ్చకపోతే, ముసలిదైపోతేనో గుడ్లు తగ్గితేనో, అవే చుట్టూ ముద్దగా కమ్ముకుని చంపేయడం కూడా ఉంది. ఎవరు ఎవరి మాట వింటున్నట్టు?

ఇక "ఒకే మెదడు" సంగతి. కుటుంబం రెండుగా చీలేటప్పుడు దీన్ని బాగా చూడొచ్చు. కొత్త రాణి గదులు మూసుకున్నాక, పాత రాణిని వెంటబెట్టుకుని వేల ఈగలు కడుపునిండా తేనె తాగి బయటికొచ్చేస్తాయి. చాలామంది పాత రాణి ఉంటుంది, కొత్తది పోతుంది అనుకుంటారు, తిరగేసి చెప్పాలి. ఆ గుంపు దగ్గర్లో ఏదో చెట్టు కొమ్మకు గడ్డంలా వేలాడుతుంది, జనం అది చూసి హడలిపోయి నిప్పు పెట్టడానికి పరిగెత్తుతారు కానీ, కాపాడుకోవడానికి ఇల్లూ పిల్లలూ ఏమీ లేని ఆ సమయంలో అవి చాలా సాధువులు. ఇదంతా పెట్టెల్లో పెంచే ఈగల గురించి, కొండ తేనెటీగల దగ్గర ఈ ధైర్యం చేయొద్దు.

అక్కడ వేలాడుతూ అవి ఇల్లు వెతుక్కుంటాయి. వేలల్లో కొన్ని వందలు మాత్రమే, అనుభవమున్న ముసలి ఈగలు, నాలుగు దిక్కులా పోయి తొర్రలు చూసొచ్చి, గుంపు మీదే నాట్యం చేసి చెప్తాయి. ఏ దిక్కు, ఎంత దూరం అన్నది నాట్యంలో ఎలా ఉంటుందో కనిపెట్టినందుకే కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ వచ్చింది. ఆయన శిష్యుడు మార్టిన్ లిండావర్ రెండో ప్రపంచయుద్ధం తర్వాత మ్యూనిక్‌లో, గుంపు మీద నాట్యమాడుతున్న ఈగలకు మసి, ఇటుక పొడి అంటుకుని ఉండడం చూశాడు. బాంబులు పడి కూలిన ఇళ్లలో తొర్రలు చూసొచ్చిన ఈగలు అవి. పూలకు పోయినవి అలా రావు కదా, ఇవి ఇల్లు వెతుకుతున్నాయని ఆయనకు అట్లా అర్థమైంది. తర్వాత అమెరికాలో థామస్ సీలీ దీన్ని ఇంకా లోతుగా చూశాడు. మంచి తొర్ర దొరికిన ఈగ ఎక్కువసేపు ఆడుతుంది, మామూలుది దొరికిన ఈగ కాసేపు ఆడి మానేస్తుంది. వేరే తొర్రకు ఓటేసే ఈగ వచ్చి ఆడుతున్నదాని తలకు తల కొట్టి ఆపమని చిన్న కూత కూడా వేస్తుంది. ఏదో ఒక తొర్ర దగ్గర ఒకేసారి ఇరవై ముప్పై ఈగలు పోగయ్యాయంటే ఇక తేలిపోయినట్టే, అవి తిరిగొచ్చి గుంపును లేపుతాయి. అన్ని తొర్రలూ చూసి పోల్చిన ఈగ ఒక్కటి కూడా ఉండనక్కర్లేదు. రాణికి ఈ గొడవతో సంబంధమే లేదు, ఎటు తీసుకుపోతే అటు పోతుంది.

ఒక్కోసారి తేలదు కూడా. రెండు తొర్రలకు సమానంగా బలం వచ్చి, గుంపు గాల్లోకి లేచాక సగం ఇటు, సగం అటు లాగి, మళ్లీ కొమ్మ మీదికి దిగిపోవడం లిండావర్ రాసిపెట్టాడు. నీ కథలో గూడు ఎప్పుడూ ఒకే మాట మీద ఉంటుంది. ఎందుకుండాలి? సగం గూడు కర్నూలు అంటుంటే సగం తాడిపత్రి అంటుంటే, ఆ తేలని రెండు రోజులే మనుషులకు దొరికిన సందు అనుకో. రాణిని చంపడం కన్నా ఇది తెలివైన హీరోకు పని.

కథల్లో ఈ రాణి పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందంటే, మనుషులు తమ ఊళ్లో ఏముందో అదే తుట్టెలో చూశారు. పాత గ్రీకు, రోమన్ రచనల్లో దాన్ని ఎక్కువగా రాజు అనే రాశారు. 1609లో చార్లెస్ బట్లర్ అనే ఇంగ్లీషాయన అది ఆడదని పుస్తకం రాశాడు, ఆ శతాబ్దంలోనే డచ్ దేశపు స్వామర్‌డామ్ కోసి చూసి అండాశయాలు చూపించాడు. రాజు పోయి రాణి వచ్చింది కానీ ఏలుతుందన్న ఊహ మాత్రం పోలేదు. స్టార్ ట్రెక్ అనే ఇంగ్లీష్ అంతరిక్ష సీరియల్ చూసుంటే గుర్తుంటుంది, బోర్గ్ అని ఒక శత్రువు ఉంటుంది. 1989లో మొదటిసారి వచ్చినప్పుడు దానికి నాయకుడంటూ ఎవరూ లేరు, మాట్లాడితే అందరి గొంతూ కలిసి ఒకటే వచ్చేది, వెన్ను జలదరించేది. 1996 సినిమాకొచ్చేసరికి ఒక రాణిని తెచ్చి పెట్టారు. ఎందుకంటే హీరో ఎదురుగా నిలబడి మాట్లాడ్డానికి, చివర్లో చంపడానికి ఒక మొహం కావాలి. సినిమా అవసరం అది, నాకర్థమైంది, కానీ నా మట్టుకు భయం సగానికి సగం తగ్గిపోయింది. నువ్వు రాసేది సినిమా కాదుగా.

మన దగ్గరే ఇంతకన్నా మంచి గుంపు కథ ఉంది. శ్రీశైలం భ్రమరాంబ. అరుణాసురుడు తపస్సు చేసి, యుద్ధంలో గానీ ఆయుధంతో గానీ, ఆడదాని చేత గానీ మగవాడి చేత గానీ, రెండు కాళ్లదానితో గానీ నాలుగు కాళ్లదానితో గానీ చావు రాకూడదని వరం పుచ్చుకుంటాడు. అమ్మవారు తుమ్మెదలను వదిలింది. ఆరు కాళ్లు. వరంలో అన్నీ అడిగాడు, ఆ ఒక్క లెక్క వదిలేశాడు. గర్భగుడి వెనక గోడకు చెవి ఆనిస్తే తుమ్మెదల ఝుంకారం వినపడుతుందని ఇప్పటికీ జనం చెవి పెట్టి వింటారు, నువ్వూ కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా పోయి వినే ఉంటావు. కథగా చూస్తే ఎంత గట్టిగా కట్టారో చూడు. రాక్షసుడికి కొట్టడానికి ఎదురుగా ఒక్కరు లేరు, ఒక్క ఈగను కొడితే ఏమీ కాదు, ఆయుధం ఎత్తితే దేని మీద ఎత్తాలి? మీ తరం పిల్లలు ఇంగ్లీష్ ఏలియన్లను చూసి రాస్తారు గానీ, మన దగ్గరే ఉన్న ఈ కథను ఎందుకు ముట్టుకోరో నాకర్థం కాదు.

ఇక మన ప్రాంతంలో నిజంగా మనుషుల మీద పడేవి కొండ తేనెటీగలు. నల్లమల కొండ చరియలకు, ఊళ్లలో నీళ్ల ట్యాంకుల కింద, బ్రిడ్జిల కింద, కాలేజీ బిల్డింగులకు పెద్ద అర్ధచంద్రాకారంలో వేలాడే ఒక్క పట్టు వీటిదే. పెట్టెలో పెంచడం కుదరదు, చీకటి తొర్ర కాకుండా బయటే కడతాయి కాబట్టి కాపాడుకోవడానికి గోడలేమీ లేవు, ఒళ్లే గోడ. పట్టు మీద ఈగలు పొరలు పొరలుగా పరదాలా కమ్ముకుని ఉంటాయి. కందిరీగ దగ్గరికొస్తే ఒక మూల ఈగలు పొట్ట పైకి విసురుతాయి, పక్కవి చూసి అవీ విసురుతాయి, క్షణంలో సగం సేపట్లో ఆ మెరుపు పట్టంతా అలలా పాకుతుంది. ఆ అల చూసి కందిరీగ వెనక్కి తగ్గుతుందని ఆస్ట్రియా శాస్త్రవేత్తలు 2008లో వీడియోలు తీసి చూపించారు. నీ కథలో పురుగులు దాడి చేసే ముందు ఏదో ఒక సూచన కావాలన్నావు కదా, ఇదిగో. గుహ గోడ అనుకున్నది ఒక్కసారి ఈ చివరి నుంచి ఆ చివరికి మెరిసింది అని రాయి, వివరించకుండా వదిలెయ్.

ఈ కొండ తేనెటీగల్లో ఇంకో రెండు సంగతులు నీకు పనికొస్తాయి. రాత్రైతే ఈగలు ఎగరవు అనే ధైర్యం వీటి దగ్గర పనిచేయదు, వెన్నెల బాగా ఉన్న రాత్రుల్లో ఇవి పూలకు పోతాయి. రెండోది వలస. పూత అయిపోతే మొత్తం పట్టు వదిలేసి రెండు వందల కిలోమీటర్ల దాకా పోయి, మళ్లీ కాలం వచ్చినప్పుడు అదే చెట్టుకు, అదే బిల్డింగుకు వస్తాయి. వచ్చిన రాణి కిందటిసారి అక్కడున్న రాణే అని జన్యు పరీక్షల్లో తేలిన సందర్భాలున్నాయి. మామూలు ఈగల ఆయుష్షు అంత ఉండదు, అయినా చోటు మాత్రం మరిచిపోరు. గూడుకు ఒక జ్ఞాపకం ఉందని రాయాలనుకుంటే ఒకే మెదడు అని కల్పించక్కర్లేదు, దీని మీద కట్టుకో.

మిడతలకు రాణి ఉందా అన్నావు. లేదు. రాణి లేదు, గూడు లేదు, పని పంచుకోవడం లేదు, పిల్లలను సాకడం లేదు. గుంపు అన్న ఒక్క పోలిక తప్ప తేనెటీగకూ మిడతకూ ఏ సంబంధమూ లేదు, కథల్లో రెండూ కలిపేస్తారు, నాకు చిరాకు. ఎడారి మిడత మామూలుగా ఒంటరిది, రంగు కూడా చుట్టూ ఉన్న ఆకుల్లో కలిసిపోయేట్టు ఉంటుంది, ఇంకో మిడత కనపడితే తప్పుకుపోతుంది. వానలు పడి సంఖ్య పెరిగి, తర్వాత గడ్డి తగ్గి, ఉన్న కాస్త పచ్చదనం మీద అన్నీ పోగవుతాయి. ఒకదానికొకటి తగులుతూ ఉంటాయి. వెనక కాళ్లకు అలా తగలడం రెండు గంటలు జరిగితే చాలు, వాటి ఒంట్లో సెరటోనిన్ అనే నరాల రసాయనం పెరిగి ఒంటరి మిడత గుంపు మిడతలా నడవడం మొదలుపెడుతుందని 2009లో తేల్చారు. ఆ తర్వాత పిల్లలకు పసుపు, నలుపు రంగులొస్తాయి. చూడ్డానికి ఎంత తేడా అంటే, 1921లో బోరిస్ ఉవరోవ్ అనే శాస్త్రవేత్త చెప్పేదాకా ఒక రకం మిడతల రెండు రూపాలను రెండు వేర్వేరు జాతులనుకున్నారు. అన్నీ ఒకే దిక్కుకు ఎందుకు నడుస్తాయంటే, ఆగినదాన్ని వెనకున్నది కొరుక్కు తింటుంది. ముందున్నదాన్ని తిందామని ఇది, వెనకదానికి చిక్కకూడదని అది. ఎవరూ నడిపించడం లేదు. ఒక చదరపు కిలోమీటరు దండులో 8 కోట్ల దాకా మిడతలుంటాయని, అది రోజుకు 35,000 మంది తినేంత తింటుందని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ లెక్క.

2020 మే నెలలో ఇవి రాజస్థాన్ దాటి మధ్యప్రదేశ్, మహారాష్ట్ర దాకా వచ్చినప్పుడు మన అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు చెట్టుకు పట్టిన మిడతలను చూసి టీవీల్లో ఒకటే హడావుడి. అవి జిల్లేడు ఆకులు తినే మన ఊరి మిడతలు, రంగురంగులుగా ఉంటాయి, వాటి పాటికి అవి అక్కడే ఉంటాయి. దండు అనంతపురం దాకా రాలేదు.

అసలు అనంతపురం వాడివి, నీకు మిడతలెందుకు? ఎర్ర గొంగళి పురుగు గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లను అడుగు, బొంత పురుగు అంటే చెప్తారు. రెక్కల పురుగుగా మారే ముందు అది ముడుచుకునే కోశాలు గట్ల కింద, చెట్ల నీడన మట్టిలో దాదాపు పది నెలలు కదలకుండా పడుంటాయి. ముంగారు వాన గట్టిగా ఒకటి పడితే ఆ తడికి రెక్కల పురుగులు ఒక్కసారిగా పైకి లేస్తాయి. అందుకే ఆ రాత్రుల్లో చేలల్లో మంటలు వేసేవాళ్లు, వెలుగుకొచ్చి పడి చస్తాయని. మిగిలినవి పెట్టిన గుడ్ల నుంచి పురుగులొచ్చి, కాస్త ఎదిగాక ఒక శనక్కాయ చేను ఈనెలు మిగిల్చి తినేసి, గుంపుగా నేల మీద పాకుతూ పక్క చేనుకు పోతాయి. రోడ్డు దాటుతుంటే రోడ్డు ఎర్రగా కదులుతున్నట్టుంటుంది. రైతులు చేను చుట్టూ కాలువ తవ్వి మందు చల్లి ఆపేవాళ్లు. ఏ వాన కోసం జిల్లా జిల్లా ఆకాశం వైపు చూస్తుందో, ఆ వానే శత్రువును నిద్ర లేపుతుంది, శత్రువు ఎక్కడి నుంచో రాడు, మన గట్టు కిందే ఉన్నాడు. ఇది మీ జిల్లా వాడు తప్ప ఇంకెవడూ రాయలేని కథ. బేలం గూడు పక్కన పెట్టి ఇది రాస్తావా అని అడగాలనిపిస్తోంది కానీ, నీ కథ నీది.

చీమలు, చెదలు గురించి రెండు ముక్కలే. చెదపురుగుల్లో రాణి పక్కన రాజు కూడా జీవితాంతం ఉంటుంది, పనివాళ్లలో ఆడ, మగ రెండూ ఉంటాయి, తేనెటీగల్లో పనివాళ్లంతా ఆడవే. మన పుట్టల్లో కొన్ని రకాలు లోపల బూజును సేద్యం చేస్తాయి, వానకు పుట్ట మీద లేచే పుట్టగొడుగులు ఆ సేద్యంవే. చీమల్లో దక్షిణ అమెరికా దండు చీమలకు చూపు దాదాపు ఉండదు, ముందు చీమ వాసన పట్టుకుని పోతాయి. దారి తప్పిన గుంపు తన వాసన తానే పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ చచ్చేదాకా తిరుగుతుంది. విలియం బీబ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1921లో రాసిన అలాంటి వలయం చుట్టుకొలత 1,200 అడుగులు, ఒక్కో చీమ ఒక చుట్టు తిరగడానికి రెండున్నర గంటలు పట్టింది. నాయకుడు లేకపోవడంలోని బలహీనత అది. నీ హీరోకు ఆయుధం కావాలంటే కత్తి కన్నా ఇది బాగుంటుంది, వాసన దారిని తిప్పి దాని మొదటికే కలపడం.

ఇప్పుడు నీ గుహ. బేలం పొడవు 3,229 మీటర్లు, లోపల ఉక్కపోత నీకు తెలుసు. తేనెటీగలు పిల్లలున్న చోట 34, 35 డిగ్రీలు దాటనివ్వవు. వేడెక్కితే నీళ్లు తెచ్చి గదుల మీద చుక్కలుగా పరిచి రెక్కలతో విసురుతాయి. ఎండాకాలంలో బోరు దగ్గర తడి గోనెసంచి మీద, పశువుల తొట్టి అంచున ఈగలు మూగుతాయి చూడు, అందుకే. కాబట్టి అంత పెద్ద గూడుకు గాలి రావడానికి ఇంకో కన్నం, దగ్గర్లో నీళ్లు తప్పకుండా ఉండాలి. తిండి? గుహలో పూలు పూయవు. చలికాలంలో పొద్దుతిరుగుడు, తర్వాత వేప, కానుగ, అవయ్యాక మే నెలలో మన దగ్గర ఏముంది? పుట్ట తేనెటీగలైతే ఆ ఆకలికి పెట్టె ఖాళీ చేసి చెప్పకుండా పోతాయి. నీ గూడు ఊళ్ల మీద పడడానికి కారణం రాణి పగ అని రాశావు, ఆ పగ తీసేసి కరువు పెట్టు, అంతా కుదురుతుంది. ఇంకొకటి, గుహ దగ్గరి కొలిమిగుండ్ల చుట్టూ నాపరాళ్ల గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. తేనెటీగలు అదురుకు వెంటనే స్పందిస్తాయి, రాతిలోంచి వచ్చే పేలుళ్లు రోజూ గూడును కదిలిస్తుంటే కథ ఎక్కడ మొదలవ్వాలో నీకే తెలుస్తుంది.

పురుగులను గేదెలంత చేశావు. మానుకోమని నా మాట. పురుగులకు ఊపిరితిత్తులు ఉండవు, ఒంటి పక్కనున్న రంధ్రాల్లోంచి గొట్టాల ద్వారా గాలి లోపలికి పోతుంది, ఒళ్లు పెరిగేకొద్దీ ఆ పద్ధతి చాలదు. దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందట గాలిలో ఆక్సిజన్ ఎక్కువున్న కాలంలో తూనీగ లాంటి మెగాన్యూరా రెక్కల వెడల్పు 65, 70 సెంటీమీటర్లు ఉండేది, దొరికిన పెద్దవాటిలో అదొకటి. మాయలు మంత్రాలు ఉన్న కథ కాబట్టి పర్లేదంటావా, సరే, కానీ అప్పుడు కుట్టడం, ఎగరడం లెక్కలన్నీ మార్చుకో. మామూలు సైజు ఈగలు లెక్కలేనన్ని ఉండడమే నాకైతే ఎక్కువ భయం.

చివరగా కుట్టే సీన్ గురించి, అక్కడ తప్పులు చాలా ఉన్నాయి. ఒక ఈగ కుట్టగానే ముల్లు చర్మంలోనే ఉండిపోయి, ఈగ పోయినా విషం ఎక్కిస్తూనే ఉంటుంది. దాంతోపాటు మాగిన అరటిపండు లాంటి వాసన వస్తుంది, మిగతావి ఆ వాసన ఉన్న చోటే కుడతాయి. అంటే హీరో ఒకణ్ణి కాపాడ్డానికి వాటేసుకుంటే ఇద్దరూ అయిపోయారు. చేతులు విసరడం, అరవడం పనికిరాదు. బావిలో దూకడం కూడా వద్దు, పైకి తేలేదాకా మీదే తిరుగుతుంటాయి. మొహం కప్పుకుని ఆగకుండా పరిగెత్తి, తలుపులున్న గదిలోకో కారులోకో దూరాలి. ముల్లును గోరుతో గీరి తీయాలా పట్టి లాగాలా అని ఆలోచిస్తూ కూర్చోకూడదు, ఎలాగైనా తొందరగా తీయడమే ముఖ్యమని 1996లోనే పరీక్షించి చెప్పారు. పడనివాళ్లకు ఒక్కటి కుట్టినా గొంతు వాచి ఊపిరి ఆగుతుంది, వాళ్లకు కావాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్. పసుపు, సున్నం పూసి కూర్చోబెట్టొద్దు. నీ మూడో అధ్యాయంలో హీరో చెల్లెలికి సున్నం పూసి బతికించావు, దాన్ని మార్చి 108కి ఫోన్ చేయించు.